కాలికి కట్టే వైబ్రేషన్ పట్టీ కొనాలా? ముందు నాన్నగారు ఎక్కడ పడుతున్నారో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి అరవై తొమ్మిదేళ్ళు, షుగర్ వచ్చి ఇరవై ఏళ్ళయింది, పాదాలు మొద్దుబారాయి, కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు, నడిస్తే తూలుతున్నారు, ఈ మధ్య రెండుసార్లు పడ్డారు, రెండుసార్లూ బాత్రూంలోనే. డాలస్‌లో ఉన్న మీ తమ్ముడు కాలికి కట్టుకునే వైబ్రేషన్ పరికరం వీడియో ఏదో చూసి కొని పంపిస్తానంటున్నాడు. అది పనిచేస్తుందా, కొనచ్చా, ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా అని.

నేను ఫిజియోథెరపిస్టుని. ఇరవై రెండేళ్ళుగా పక్షవాతం వచ్చినవాళ్ళని, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళని, షుగర్‌తో నరాలు దెబ్బతిన్నవాళ్ళని మళ్ళీ నడిపించడమే నా పని. సమాధానం ముందే చెప్పేస్తాను: ఆ పరికరం మోసం కాదు, వెనక నిజమైన సైన్సే ఉంది, కానీ మీరు రాసినదాన్నిబట్టి ఇప్పుడైతే కొనొద్దు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ "కళ్ళు తిరగడం" సంగతి. మన భాషలో ఈ ఒక్క మాటతో నాకు వచ్చే చిక్కు అంతా ఇంతా కాదు. మంచం మీద పక్కకి దొర్లగానే గది గిర్రున తిరిగినా కళ్ళు తిరగడమే అంటాం, కూర్చున్నవాళ్ళు గబుక్కున లేస్తే బైర్లు కమ్మినా కళ్ళు తిరగడమే, నడుస్తుంటే కాలు ఎక్కడ పడుతోందో తెలియక తూలినా అదే మాట. మూడూ వేరు వేరు జబ్బులు. మొదటిది చాలావరకు లోపలి చెవిలో కాల్షియం రేణువులు చోటు తప్పడం వల్ల వచ్చేది, తెలిసినవాళ్ళు తలని ఒక వరసలో తిప్పి కొద్ది నిమిషాల్లోనే సరిచేసేస్తారు, ఒక్కోసారి రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది. రెండోది లేవగానే బీపీ పడిపోవడం, షుగర్ పాతదైనవాళ్ళలో ఇది మామూలే. మూడోది ఒక్కటే ఈ పరికరాల పరిధిలోకి వస్తుంది. కాబట్టి నాన్నగారిని "కళ్ళు తిరుగుతున్నాయా" అని అడగకండి. పడుకున్నప్పుడు ఎలా ఉంది, కూర్చుంటే ఎలా ఉంది, నిలబడితే, నడిస్తే, చీకట్లో నడిస్తే ఎలా ఉంది అని విడివిడిగా అడగండి. కూర్చున్నంతసేపూ శుభ్రంగా ఉండి, లేచి నడిస్తేనే తూలుతున్నానంటే గొడవ చాలావరకు తలలో లేదు, పాదాల్లో ఉంది.

మనిషి నిటారుగా నిలబడాలంటే మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు అందాలి. లోపలి చెవి తల ఎటు వంగిందో చెబుతుంది. కళ్ళు చుట్టూ ఉన్నవాటిని చూసి మనం నిటారుగా ఉన్నామో లేదో చెబుతాయి. పాదాల చర్మం, చీలమండ కీళ్ళు నేల ఎలా ఉంది, ఒంటి బరువు వేళ్ళ మీదికి పోతోందా మడమల మీదికి పోతోందా అనేది చెబుతాయి. ఒకటి మూగబోయినా మిగతా రెండూ ఎలాగో లాక్కొస్తాయి. రెండు పోతే మాత్రం పడిపోతాం.

మీ నాన్నగారికి పాదాల కబురు ఆగిపోయింది. ఆయన ఇప్పుడు కళ్ళతో నడుస్తున్నారు. గమనించే ఉంటారు, ఇలాంటివాళ్ళు తల వంచుకుని నేల చూస్తూ నడుస్తారు. ఇంట్లోవాళ్ళేమో "తలెత్తి నడువు నాన్నా" అని విసుక్కుంటారు. ఆయన తలెత్తితే ఉన్న ఒక్క ఆధారం కూడా పోతుంది పాపం.

మరి బాత్రూంలోనే ఎందుకు పడుతున్నారు? తడి ఒక కారణమే. కానీ అక్కడ మనిషి ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటాడు. పాదాలు ముందే మూగబోయాయి, ఇప్పుడు కళ్ళూ మూతపడ్డాయి, ఇక మిగిలింది లోపలి చెవి ఒక్కటే. 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు రోంబెర్గ్ వర్ణించిన పరీక్ష ఇప్పటికీ ఆయన పేరుతోనే చేస్తాం: పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడి కళ్ళు మూసుకోమంటాం, అంతే. వెన్నుపాములో స్పర్శ దారులు దెబ్బతిన్నవాళ్ళు పొద్దున ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసి తూలిపడేవారట. మన దగ్గర ఇదే లక్షణం గుడిలో బయటపడుతుంది. దేవుడి ముందు కళ్ళు మూసి దణ్ణం పెట్టుకోబోతే ఎవరో వెనక నుంచి తోసినట్టయిందని చెప్పినవాళ్ళు నా దగ్గరికి ఎంతమంది వచ్చారో లెక్కలేదు.

ఇంట్లో మీరూ చూడచ్చు. ఆయన్ని గది మూలలో, వీపు మూలకి ఉండేలా నిలబెట్టండి, ముందు ఒక కుర్చీ పెట్టండి, ఇద్దరు మనుషులు చెరో పక్క చేతులు చాపి ఉండండి. కళ్ళు తెరిచి ముప్ఫై సెకన్లు, తర్వాత కళ్ళు మూసి ముప్ఫై సెకన్లు. తెరిచి ఉండగా బాగా నిలబడి, మూసిన అయిదారు సెకన్లకే ఒరిగిపోతే నేను చెప్పిన పాదాల కథే కావచ్చు. ఒంటరిగా మాత్రం చేయించొద్దు, సరదాగా కూడా వద్దు.

ఇంకో గుర్తు, ఇది నాకు ఏ యంత్రం చెప్పినదానికన్నా నమ్మకమైనది: చెప్పు. ఒక రిటైర్డు మాస్టారు ఒంటి చెప్పుతో నా గదిలోకి వచ్చారు. "రెండోది ఎక్కడ ఊడిందో తెలీదండీ, ఆటో అబ్బాయి చెబితే చూసుకున్నాను" అన్నారు. కూర్చోబెట్టి కాలి బొటనవేలి మీద ట్యూనింగ్ ఫోర్కు (కొడితే సన్నగా కంపించే రెండు కొమ్ముల లోహపు పనిముట్టు) మోగించి పెట్టాను, "పెట్టారా?" అని అడిగారు. చీలమండ మీద పెట్టినా అంతే. మోకాలి కింద ఎముక మీదికి వచ్చాక "ఆఁ, ఇప్పుడు జుయ్యిమంటోంది" అన్నారు. స్పర్శ ఎక్కడిదాకా బతికి ఉందో అక్కడ తేలింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, పరికరం విషయంలో ఇదే అసలు ప్రశ్న.

ఇప్పుడు మీ తమ్ముడు చూసిన పరికరం. మీరిచ్చిన వర్ణన ప్రకారం అది అమెరికాలో దొరికే వాకసిన్స్ లాంటిదే. చెప్పడానికి చాలా తేలిక: బూటు లోపల పాదం కింద పలచటి పట్టా ఉంటుంది, అందులో ఒత్తిడి కొలిచే సెన్సర్లుంటాయి. చీలమండకి పైన కాలి చుట్టూ ఒక పట్టీ, అందులో ముందు, వెనక, లోపలి పక్క, బయటి పక్క నాలుగు చిన్న వైబ్రేటర్లు. బరువు ముందుకి జరిగితే ముందు వైపుది జుమ్మంటుంది, వెనక్కి జరిగితే వెనకది. అంటే చచ్చిపోయిన అరికాలు చెప్పాల్సిన కబురుని, స్పర్శ ఇంకా బతికున్న పిక్క దగ్గరికి తెచ్చి చెబుతుంది. మెదడు కొన్ని వారాల్లో ఆ భాష నేర్చుకుంటుంది. పది వారాలు ఇంట్లో వాడించి చూసిన ఒక అధ్యయనంలో ముప్ఫై మార్కుల నడక పరీక్షలో సగటున నాలుగు మార్కుల దాకా పెరిగింది. ఆ పరీక్షలో 22, అంతకన్నా తక్కువ వస్తే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క, కాబట్టి నాలుగు మార్కులంటే తీసిపారేసేది కాదు. కాకపోతే ఆ అధ్యయనంలో పరికరం లేకుండా పోల్చి చూసేందుకు రెండో జట్టు లేదు. పది వారాలు మనిషిని పట్టించుకుని నడిపిస్తే ఉత్తినే కూడా కొంత మెరుగవుతాడు, నేను రోజూ చూసేదే.

సరే, పనిచేస్తుందనే అనుకుందాం. మీ నాన్నగారికి ఎందుకు వద్దంటున్నాను?

ఆ పట్టా బూటులో ఉంటుంది. మీ నాన్నగారు బాత్రూంలో బూట్లు వేసుకుంటారా?

ఇది వేళాకోళానికి అనట్లేదు, దెబ్బతిని నేర్చుకున్న సంగతి. కొన్నేళ్ళ కిందట ఇంజినీరింగ్ ఫైనలియర్ పిల్లలు నలుగురు ప్రాజెక్టు కోసం నా దగ్గరికి వచ్చారు. ఇలాంటిదే తయారుచేద్దామన్నారు, నాకూ ఉత్సాహం వచ్చింది. ఒత్తిడి సెన్సర్లు, సెల్‌ఫోన్లలో వాడే నాణెం సైజు మోటార్లు, వాటిని నడిపించే ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, మోకాలి పట్టీకి వెల్క్రో. అయిదారు వేలల్లో అయిపోయింది. నా గదిలో, టైల్సు మీద, బూట్లేసి ఒక పెద్దాయన్ని నడిపిస్తే తూలడం కళ్ళముందే తగ్గింది. పిల్లలు వీడియో తీసుకున్నారు, చప్పట్లు కొట్టుకున్నాం. ఇంటికిచ్చి పంపితే పదిహేను రోజులకి సంచిలో పెట్టి తిరిగి తెచ్చారు. ఇంట్లో వట్టికాళ్ళే, వీధిలోకి వెళ్తే చెప్పులు, బూట్లు వేసుకునేది మనవరాలి పెళ్ళికట. మే నెల ఎండకి పట్టీ కింద చెమటపొక్కులు వచ్చాయి. అన్నిటికన్నా పెద్ద పాఠం ఆయన భార్య చెప్పిన మాట: "అది కట్టుకునేటప్పుడు వంగి పడబోయారండీ."

పాశ్చాత్యదేశాల్లో ఇంట్లో కూడా బూట్లో, స్లిప్పర్లో వేసుకుని తిరిగేవాళ్ళు ఉంటారు. మనవాళ్ళు గడప దాటి లోపలికి రాగానే చెప్పులు విడుస్తారు. రాత్రి రెండింటికి ఒంటేలికి లేచినప్పుడు ఎవరూ పట్టీ కట్టుకుని, చార్జింగ్ చూసుకుని వెళ్ళరు. పరికరం ఎంత గొప్పదైనా, మనిషి పడే చోట, పడే వేళకి అది ఒంటిమీద ఉండదు. అందుకే ఎవరు అడిగినా నేను ముందు అడిగేది పరికరం గురించి కాదు, పడిన చోటు, పడిన టైము, అప్పుడు కాళ్ళకి ఏముంది, లైటు వెలుగుతోందా అని.

ఈ రంగంలో మనకి దగ్గరివాడైన ఒక పెద్దాయన అనుభవం చెప్పాలి. పాల్ బ్రాండ్ అనే సర్జన్ తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టారు, 1946లో వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలో చేరి కుష్ఠురోగుల చేతులకీ కాళ్ళకీ ఆపరేషన్లు చేశారు. వేళ్ళు రాలిపోయేది జబ్బు తినేయడం వల్ల కాదు, నొప్పి తెలియక మనిషే వాటిని పాడుచేసుకోవడం వల్ల అని తేల్చినవారిలో ఆయన ముఖ్యులు. తర్వాత 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళి, నొప్పికి బదులుగా కబురు చెప్పే యంత్రం చేద్దామని ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. చేతి తొడుగులకి, సాక్సుకి సెన్సర్లు, ఒత్తిడి ఎక్కువైతే చెవిలో మోత. రోగులు ఆ మోతని పట్టించుకోలేదు. దాంతో చంకలో చిన్న కరెంటు షాకు పెట్టారు. అప్పుడేమైందంటే, ఏదైనా పని గట్టిగా చేయాల్సి వచ్చినప్పుడు వాళ్ళు స్విచ్చి ఆపేసుకుని, పని ముగించుకుని, మళ్ళీ ఆన్ చేసుకునేవారు. చివరికి ఆయన ఆ ప్రయత్నం వదిలేశారు. యాభై ఏళ్ళు దాటినా నేటి పరికరాలకీ ఇదే గండం. నొప్పిని మనం ఆపలేం, పట్టీని విప్పేయగలం.

దీనితోపాటే ఇంకోటి: ఈ పట్టీ తూలుడు సంగతే చెబుతుంది, గాయం సంగతి చెప్పదు. గుడి ప్రదక్షిణలో కాలే బండల మీద వట్టికాళ్ళతో నడిచి అరికాలు బొబ్బలెక్కినా తెలియని షుగర్ పేషెంట్లని ప్రతి వేసవిలో చూస్తాం. పరికరం ఉన్నా లేకపోయినా రోజూ రాత్రి పాదాలు చూడాల్సిందే. వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టి చూడాలి.

ఇంకేమున్నాయి అన్నారు కదా, ఒక్కొక్కటీ ఎవరికి పనికొస్తుందో చెబుతాను, అందరికీ అన్నీ కాదు.

లోపలి చెవులు రెండూ పాడైనవాళ్ళకి నడుముకి కట్టుకునే బెల్టు ఉంది, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ ఆసుపత్రి వైద్యుల పరిశోధన నుంచి వచ్చింది. ఒళ్ళు ఎటు ఒరిగితే నడుం చుట్టూ ఆ వైపు మోటారు జుమ్మంటుంది. ఈ జబ్బు మన దగ్గర తక్కువేమీ కాదు, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి ఇంజెక్షన్లు లోపలి చెవిని దెబ్బతీయగలవు. ఒకప్పుడు టీబీ తిరగబెట్టినవాళ్ళకి రెండు నెలలపాటు స్ట్రెప్టోమైసిన్ పొడిచేవారు. అలా పొడిపించుకున్న ఒకాయన నాకు చెప్పిన లక్షణం: నడుస్తుంటే దుకాణాల బోర్డులు ఎగురుతున్నాయట, బస్సు బోర్డు చదవాలంటే ఆగి నిలబడాలట. ఆయనకి కాళ్ళ స్పర్శ అద్భుతంగా ఉంది. మీ తమ్ముడు చూసిన కాలి పట్టీ ఆయనకి దండగ, ఈ బెల్టు మీ నాన్నగారికి వరసలో మొదటిది కాదు. చూశారా, పైకి కనిపించేది ఇద్దరిదీ తూలుడే.

నాలుక మీద పెట్టుకునేది కూడా ఒకటుంది, పాన్స్ అని. సన్నటి కరెంటుతో నాలుకని చిమచిమలాడిస్తుంది. అమెరికాలో మందులకీ పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2021లో దీన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లో నరాల తొడుగు దెబ్బతినే జబ్బు) వల్ల నడక దెబ్బతిన్నవాళ్ళకి అనుమతించింది, అదీ పద్నాలుగు వారాలు థెరపిస్టు దగ్గర వ్యాయామంతో కలిపి వాడాలన్న షరతుతో. ఒక ఇంద్రియం పనిని ఇంకోదానితో చేయించచ్చన్న ఆలోచనకి అమెరికన్ శాస్త్రవేత్త పాల్ బాకీరీటా ఆద్యుడు, 1969లోనే కుర్చీ వీపుకి కంపించే మొనలు పెట్టి, కెమెరా బొమ్మని చూపు లేనివాళ్ళ వీపు మీద గీసి, వాళ్ళచేత వస్తువుల్ని గుర్తుపట్టించాడు. ఆ కథ చెప్పుకుంటూ పోతే ఇవాళ తెమలదు.

పార్కిన్సన్స్ దారి వేరు. వాళ్ళకి పాదాల స్పర్శ ఉంటుంది, అడుగు మొదలుపెట్టే లోపలి తాళం తప్పుతుంది. కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి, ముఖ్యంగా గుమ్మం దగ్గర, తిరిగేటప్పుడు. నా పేషెంటు ఒకావిడ, పల్లెలో పాతింట్లో ఉన్నన్నాళ్ళూ గుమ్మం దగ్గర ఎప్పుడూ ఆగలేదు, హైదరాబాదులో కొడుకు ఫ్లాటుకి వచ్చాక ప్రతి గది ముందూ నిలబడిపోయేది. జబ్బు ముదిరిందని వాళ్ళు మందు డోసు పెంచమని కూర్చున్నారు. నేను ఇల్లు చూడటానికి వెళ్ళాను. ఫ్లాటులో లోపలి గదులకి గడపలు లేవు. పాతింట్లో పసుపు రాసి బొట్లు పెట్టిన గడప అడ్డంగా ఉండేది, దాటాల్సిన గీత కంటికి కనబడగానే కాలు దానంతటదే లేచేది. గుమ్మాల దగ్గర నేలమీద పసుపురంగు టేపు అడ్డంగా అంటించాం, ముందు అడుగు దూరంలో ఇంకో రెండు గీతలు. మొదటిసారి ఆవిడ దాటుతుంటే కోడలు ఫోనులో వీడియో తీయబోయి తీయడం మర్చిపోయి ఏడ్చేసింది. మందు డోసు మారలేదు. నేలమీద అడ్డగీతలు గీస్తే ఇలా జరుగుతుందని బ్రిటన్‌లో పర్డన్ మార్టిన్ అనే నరాల వైద్యుడు 1967లోనే రాశాడు. ఇప్పుడు విదేశాల్లో లేజరు గీత వేసే చేతికర్రలు, బూట్లు అమ్ముతున్నారు, సూత్రం ఇదే, గీత మనతో పాటు వస్తుందన్నదే తేడా. బజారుకీ, ఆసుపత్రికీ తిరిగేవాళ్ళకి లేజరు కర్ర నిజంగా పనికొస్తుంది, ఇల్లు కదలనివాళ్ళకి టేపు చాలు. తాళం కూడా పనిచేస్తుంది. ఫోనులో మెట్రోనోమ్ యాప్ (ఒకే వేగంతో తాళం కొట్టేది) పెట్టి, పేషెంటు మామూలుగా నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తారో లెక్కపెట్టి, దానికి పది శాతం కలిపి ఆ టిక్కుటిక్కుకి నడిపిస్తాం. ఎవరికి ఎంత వేగం అనేది థెరపిస్టు చూసి పెట్టాలి, కొందరికి వేగం పెంచితే కాళ్ళు ఇంకా బిగుసుకుంటాయి. భజనల్లో చిడతలు వాయించిన ఒక తాతగారికి యాప్ నచ్చలేదు, చిడతలే వాయిస్తూ వరండాలో నడిచేవారు. పడలేదు సరికదా, ఎదురింటివాళ్ళు టైము చూసుకునేవారు ఆయన్నిబట్టి.

ఒక హెచ్చరిక. కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే జుమ్మని ఊపే మెషిన్లు, ఫుట్ పల్స్ క్యాంపులు ఊరూరా ఉన్నాయి. మీ తమ్ముడు చూసినదానికీ వీటికీ పేరులోనే వైబ్రేషన్ కలిసింది. మనిషి కదలికతో సంబంధం లేకుండా ఒకే తీరుగా ఊగితే అందులో కబురు ఏముంది? అరగంట కూర్చుంటే హాయిగా ఉంటుందేమో, కాదనను. మా సొంత పెదనాన్న ఒక క్యాంపులో నలభై రోజులు కూర్చుని, షుగర్ నరాలు బాగుపడతాయన్న మాట నమ్మి మెషిను కొనుక్కొచ్చారు, ఇప్పుడది పాత పేపర్ల కింద ఉంది. మనిషికి తెలియనంత సన్నటి, క్రమం లేని కంపనాన్ని అరికాళ్ళకి ఇస్తే నిలబడినప్పుడు ఊగడం తగ్గిందని బోస్టన్ పరిశోధకులు 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో చూపించిన మాట నిజమే. అది వేరే విషయం, దాన్ని చూపించి ఈ మెషిన్లు అమ్మేవాళ్ళని నమ్మకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మొదట రెండు పరీక్షలు. విటమిన్ బీ12 చూపించండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే ఇది తగ్గచ్చు, శాకాహారులైతే మరీను. బీ12 లోపం కూడా అచ్చం ఇలాగే పాదాల స్పర్శనీ నడకనీ దెబ్బతీస్తుంది, తొందరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో చాలావరకు తిరిగొస్తుంది. పరికరాల మోజులో పడి ఇది వదిలేస్తే అంతకన్నా పాపం లేదు. రెండోది, పడుకోబెట్టి బీపీ చూసి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్ళీ చూడండి. పై అంకె ఇరవై గానీ కింది అంకె పది గానీ తగ్గితే వాడే మందుల చీటీ అంతా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రోస్టేటు మాత్రలు, నిద్ర మాత్రలు వేసుకుంటున్నారా అనేది కూడా చెప్పండి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి.

బాత్రూంలో ప్లాస్టిక్ కుర్చీ వేయండి, కూర్చునే స్నానం. గోడకి స్టీలు రాడ్డు బిగించండి, బిగించేవాడికి మనిషి బరువు ఆపాలని చెప్పి బిగించండి, తువ్వాలు వేసుకునే రాడ్డు పట్టుకుని అది గోడలోంచి ఊడొచ్చి పడినవాళ్ళని చూశాను. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా లైటు వెలగాలి, కరెంటు పోయినా వెలిగే ఎమర్జెన్సీ బల్బు అయితే మంచిది, కళ్ళతో నడిచే మనిషికి లైటే కాళ్ళు. ఇంట్లో కూడా వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి, హవాయి చెప్పులు వద్దు. షుగర్ పాదానికి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు మంచివి. మరీ మెత్తగా కాలు దిగబడే స్లిప్పర్లు మాత్రం ఉన్న కాస్త కబురునీ మింగేస్తాయి.

తర్వాత చేతికర్ర. నవ్వకండి, ఇదే అన్నిటికన్నా పాత సెన్సరు. 1994లో జెకా, లాక్‌నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించింది ఏమిటంటే, నిలబడిన మనిషి వేలికొనతో దేన్నైనా ఊరికే తాకి ఉంటే చాలు, వంద గ్రాముల బరువు కూడా మోపక్కర్లేదు, ఊగడం బాగా తగ్గిపోతుంది. అంటే అక్కడ ఆసరా ఇచ్చేది బలం కాదు, వేలికి అందే కబురు. వేళ్ళ స్పర్శ బాగున్నంతకాలం కర్ర ఆ పనే చేస్తుంది. కర్ర ఎత్తు, చేయి కిందికి వదిలితే మణికట్టు గీత దగ్గరికి రావాలి. నాకేం ముసలితనం వచ్చిందా అని పెద్దవాళ్ళు మొండికేస్తారు. నేను చెప్పిన ఒంటి చెప్పు మాస్టారు కూడా కర్ర ససేమిరా అన్నారు, గొడుగైతే సరేనన్నారు. ఎండా వానా లేకుండా ఏడాది పొడుగునా గొడుగుతో తిరుగుతున్నారు, దాని మొనకి నేనే రబ్బరు బుడిపె తొడిగాను.

వ్యాయామం ఊరికే చెప్పే మాట కాదు. న్యూజిలాండ్‌లో ఒటాగో పేరుతో తయారైన ఇంటి వ్యాయామాలు పెద్దవాళ్ళు పడటాన్ని మూడో వంతు దాకా తగ్గించాయి, ఏ పట్టీ గురించీ ఇంత నిబ్బరంగా చెప్పలేను. మొదలు ఇలా పెట్టండి: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తడం, అదే గట్టు పక్కన ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నడవడం. పాదాల మీద పుండు గానీ పగులు గానీ లేదని చూసుకున్నాకే. వారానికి కనీసం మూడు రోజులు, పక్కన మనిషి ఉండగా. మొదటిరోజు ఒక కొలత రాసి పెట్టుకోండి: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టింది. పన్నెండు దాటితే జాగ్రత్త పడాల్సిన మనిషి అని అర్థం. నెలనెలా చూడండి.

ఇవన్నీ రెండు మూడు నెలలు చేశాక, బాత్రూంలో పడటం ఆగి, బయట నడకే ఇంకా భయంగా ఉంటే, అప్పుడు కాలి పట్టీ మాట ఎత్తుదాం. అదీ రెండు షరతులు సరిపోతేనే. ఆయన రోజూ బూట్లు వేసుకుని వాకింగుకి వెళ్ళే మనిషై ఉండాలి. రెండోది, పిక్క దగ్గర స్పర్శ బతికి ఉండాలి. దీనికి ఒక మోటు పరీక్ష ఉంది: ఆయన్ని కళ్ళు మూసుకోమని, మీ సెల్‌ఫోను వైబ్రేషన్‌లో పెట్టి చీలమండకి నాలుగు వేళ్ళ పైన ఆనించి, ఇంకో ఫోనుతో కాల్ చేయండి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది తడుముకోకుండా చెప్పాలి, ఒక్కోసారి కాల్ చేయకుండానే అడిగి చూడండి, లేనిది ఉందంటారేమో. అక్కడ కూడా తెలియట్లేదంటే ఆ పట్టీ చెవిటివాడి ముందు శంఖమే. బయోథీసియోమీటరు (కంపనం ఎంత పెంచితే తెలుస్తుందో కొలిచే యంత్రం) ఉన్న షుగర్ క్లినిక్కులో ఇదే సంగతి అంకెల్లో చెబుతారు, పాదం దగ్గర 25 వోల్టులు దాటిందంటే స్పర్శ బాగా పోయిందని లెక్క. వెళ్ళినప్పుడు పిక్క దగ్గర కూడా పెట్టి చూడమని అడగండి, మామూలుగా అక్కడ చూడరు.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి: అక్కడ అది డాక్టరు చీటీ మీద, క్లినిక్కులో కొలిచి, నడిపించి ఇచ్చేది, వాచీలాగా కొని పార్సిల్ చేసేది కాదు. ధర వేల డాలర్లలో ఉంటుంది, పాడైతే ఇక్కడ బాగుచేసేవాళ్ళు లేరు. నాన్నగారు ఎప్పుడైనా ఆర్నెల్లు డాలస్ వెళ్ళినప్పుడు, అక్కడ ఎలాగూ చలికి బూట్లు తొడుగుతారు కాబట్టి, క్లినిక్కులో కట్టించి ఒక గంట నడిపించి చూడటం మంచి ఆలోచనే. ఈలోగా ఆ డబ్బులో పదో వంతుతో బాత్రూం రాడ్డు, కుర్చీ, లైట్లు, చెప్పులు అన్నీ వచ్చేస్తాయి, పంపాలనే ఉంటే అవి పంపమనండి.

బీ12 ఎంత వచ్చింది, నిలబడ్డాక బీపీ ఎంత ఉంది, కళ్ళు మూసుకుని ఎన్ని సెకన్లు నిలబడ్డారు, ఫోను పరీక్షలో ఏం తేలింది, ఈ నాలుగూ రాయండి. ఆయన కాలి వేళ్ళ మధ్య కూడా ఒకసారి చూసి రాయండి, పగుళ్ళు గానీ పుండు గానీ ఉంటే మాత్రం ఆగకుండా రేపే డాక్టరుకి చూపించండి.